నోటీసు వచ్చిందని నోరు మూసుకోవాలా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో భూమి తగాదాలు, విడాకులు, వీలునామాలే ఎప్పుడూ ఎక్కువ. ఈమధ్య మరో రకం ఉత్తరాలు పెరిగాయి. ‘ఇలా అన్నాను, ఇలా రాశాను, ఫలానాది ఫార్వర్డ్ చేశాను, నాకేమైనా అవుతుందా?’ అన్నది వాటి సారాంశం. అందుకని ఈసారి మొత్తం చోటును ఆ ప్రశ్నలకే ఇస్తున్నాము.

ప్రతి జవాబులోనూ తిరిగి చెప్పవలసిన పని లేకుండా రెండు సంగతులు ముందే రాస్తాను. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం పౌరులకు వాక్ స్వాతంత్ర్యాన్ని ఇచ్చింది. దానిపై సహేతుకమైన పరిమితులు విధించడానికి ప్రభుత్వానికి ఏయే కారణాలు ఉండవచ్చునో 19(2)లోనే రాసి పెట్టారు: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురికొల్పడం. ఈ కారణాల పట్టీయే ఆఖరుదని, కొత్తవి చేర్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో తేల్చింది. ‘వినగానే నాకు ఒళ్లు మండింది’ అన్నది ఆ పట్టీలో లేదు. ఇక రెండవ సంగతి. 2024 జూలై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చాయి. మీలో చాలామంది పాత సెక్షన్ల నంబర్లే రాస్తున్నారు. జవాబులలో కొత్త నంబర్లు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి భోజనాలు ఒక కేటరింగ్ వారికి ఒప్పజెప్పాము. 600 విస్తళ్లకు డబ్బు కట్టాము. 450 మంది తినేసరికి కూరలు, అన్నం అయిపోయి మగపెళ్లివారి ముందు తలదించుకోవలసి వచ్చింది. ఆ బాధలో గూగుల్‌లో ‘భోజనం చాలలేదు, పప్పు మాడిపోయింది, వీళ్లు దొంగలు, అందరినీ ఇలాగే ముంచుతారు’ అని రాశాను. ఆ రాతను తొలగించి, క్షమాపణ చెప్పి, 20 లక్షల రూపాయలు కట్టాలని, అందుకు 15 రోజులు గడువని వారి వకీలు నోటీసు పంపారు. మావారు తీసేయమంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక గృహిణి, కాకినాడ

జవాబు: అమ్మా, మీకు వచ్చినది కోర్టు సమన్లు కాదు. ఒక వకీలు తన కక్షిదారు తరఫున రాసిన ఉత్తరం. అందులోని 15 రోజులు ఆయన పెట్టిన గడువే తప్ప చట్టం పెట్టినది కాదు. 20 లక్షలు అన్న అంకె కూడా అంతే. నిజంగా దావా వేయవలసి వస్తే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ముందుగా వారే కట్టాలి కనుక, నోటీసులో ధారాళంగా కనబడిన అంకె దావా పత్రంలోకి వచ్చేసరికి చిక్కిపోవడం నా వృత్తిలో తరచుగా చూశాను. అలాగని నోటీసును పొయ్యిలో వేయవద్దు. మీరు మౌనంగా ఉంటే, చెప్పుకోవడానికి మీ దగ్గర ఏమీ లేదని రేపు వాదిస్తారు. ఒక వకీలు ద్వారా క్లుప్తంగా జవాబు ఇప్పించండి.

మీ సమీక్షలో మూడు రకాల మాటలున్నాయి. వాటిని విడదీసి చూసుకోవాలి. ‘భోజనం చాలలేదు’ అన్నది జరిగిన సంగతి. 600 విస్తళ్లకు కట్టిన రశీదు, ఆ రోజు మీరు వారికి చేసిన ఫోన్లు, పంపిన మెసేజీలు, తినకుండా వెళ్లిన బంధువుల సాక్ష్యం, ఇవన్నీ దానికి రుజువులు. ‘పప్పు మాడిపోయింది’ అన్నది కొంత సంగతి, కొంత మీ నాలుక చెప్పిన తీర్పు. డబ్బిచ్చి తిన్నవారికి ఆ తీర్పు చెప్పే హక్కు ఉంది. చిక్కంతా మూడవదానితోనే. ‘దొంగలు, అందరినీ ముంచుతారు’ అన్నప్పుడు మీకు తెలియని ఇతరుల పెళ్లిళ్లలో కూడా వారు మోసం చేశారని మీరు పూచీ పడుతున్నారు. దానిని రుజువు చేయమంటే ఏం చూపిస్తారు?

పరువు నష్టానికి రెండు దారులున్నాయి. సివిల్ దావా వేసి నష్టపరిహారం అడగవచ్చు; దానికి రాత బయటికి వచ్చిన నాటి నుంచి ఒక సంవత్సరమే గడువు. అక్కడ, చెప్పినది నిజమని నిరూపిస్తే చాలు. రెండవది న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద క్రిమినల్ ఫిర్యాదు, అంటే పాత 499, 500 సెక్షన్లు. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కొత్త చట్టం సమాజ సేవను కూడా చేర్చింది. వ్యక్తులకే కాదు, కంపెనీలకు కూడా పరువు ఉంటుందని ఈ సెక్షన్ ఒప్పుకుంటుంది. అయితే ఇక్కడ నిజం ఒక్కటే సరిపోదు. ఆ నిజాన్ని చెప్పడం ప్రజలకు మేలు చేసేదై ఉండాలి, లేదా మీ ప్రయోజనాన్ని కాపాడుకోవడానికి సద్బుద్ధితో చెప్పినదై ఉండాలి. పెళ్లి వంటలు ఎవరికి అప్పగించాలా అని వెతికే మరో కుటుంబానికి మీ అనుభవం పనికివస్తుంది కనుక మొదటి రెండు మాటల విషయంలో మీకు భయం అక్కరలేదు. మాట అన్నందుకు జైలు శిక్ష ఉండడం అవసరమా అని 2016లో సుబ్రమణ్యన్ స్వామి కేసులో సుప్రీంకోర్టు ముందు గట్టిగా వాదించారు. కోర్టు మాత్రం ఆ సెక్షన్లు రాజ్యాంగబద్ధమేనని నిలబెట్టింది. సివిల్ దావా చాలునన్నదే నా అభిప్రాయం, కానీ నా అభిప్రాయంతో మీకు బెయిలు రాదు.

మీకు ఊరట కలిగించే సంగతి మరొకటి ఉంది. పరువు నష్టం పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు. ఎవరైనా స్టేషన్ నుంచి ఫోన్ చేసి ‘కేసు పెట్టారు, వచ్చి మాట్లాడుకోండి’ అంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉందా అని మర్యాదగా అడగండి. బాధితులు మేజిస్ట్రేటు వద్ద ఫిర్యాదు చేసుకోవాలి; కొత్త సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందే మీ మాట వినే అవకాశం కూడా ఇవ్వాలి.

కనుక సమీక్షను తొలగించవద్దు, సవరించండి. తేదీ, విస్తళ్ల లెక్క, ఏమేమి తక్కువ పడ్డాయో రాసి, ‘దొంగలు’, ‘ముంచుతారు’ అన్న మాటలు తీసివేయండి. పాత రాతకు, కొత్త రాతకు స్క్రీన్‌షాట్లు దాచుకోండి. నిజానికి ఈ వ్యవహారంలో ఫిర్యాది కావలసింది మీరు. కట్టిన డబ్బుకు తగిన సేవ అందలేదని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. మీ వకీలు జవాబు నోటీసులో ఆ మాట కూడా రాస్తే అవతలివారి స్వరం మారే అవకాశం ఉంది.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ నిర్వహణ ఖర్చుల లెక్కలు అడిగినందుకు మా సంఘం కార్యదర్శి నన్ను వాట్సాప్ గ్రూపు నుంచి తీసేశారు. ఇది నా ప్రాథమిక హక్కును హరించడం కాదా? హైకోర్టులో రిట్ వేయవచ్చునా? – విశ్రాంత ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: మీ కార్యదర్శి గారు చేసినది మంచి పని కాదు. అయితే ఆయన ప్రభుత్వం కూడా కాదు. 19వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వ చర్యల నుంచి మీ మాటను కాపాడుతుంది. ప్రైవేటు వ్యక్తులపై కూడా ఆ హక్కును అమలు చేయమని అడగవచ్చునని పైన చెప్పిన కౌశల్ కిశోర్ కేసులో మెజారిటీ న్యాయమూర్తులు అన్నమాట నిజమే కానీ, వాట్సాప్ గ్రూపులో చోటు కోసం రిట్ వేస్తే నిలుస్తుందని నేను అనుకోను. గ్రూపును వదిలేసి లెక్కలను పట్టుకోండి. సంఘం రిజిస్టరై ఉంటే సభ్యునిగా లెక్కలు చూసే హక్కు, సర్వసభ్య సమావేశంలో లేచి అడిగే హక్కు నియమావళి నుంచి వస్తాయి. లిఖితపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి.

ప్రశ్న: మరో మతం వారిపై ఆరోపణలున్న ఒక వీడియో మా ఊరి యువకుల గ్రూపులో వచ్చింది. పూర్తిగా చూడకుండానే మూడు గ్రూపులకు ఫార్వర్డ్ చేశాను. అది వేరే రాష్ట్రానికి చెందిన పాత వీడియో అని సాయంత్రం తెలిసి తొలగించాను. మరునాడు ఎస్ఐ గారు స్టేషన్‌కు రమ్మని ఫోన్ చేశారు. గ్రూపు అడ్మిన్ అయిన మా చిన్నాన్న కూడా భయపడుతున్నాడు. లైక్ కొట్టినవాళ్లను కూడా పిలుస్తారంటున్నారు. నా చదువు ఏమవుతుంది సార్? – డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

జవాబు: బాబూ, ముందు నువ్వు చేసిన పని ఏమిటో చూద్దాం. చూడని వీడియోను నీ పేరు మీద మూడు గ్రూపులకు పంపావు. నేను రాయలేదు, పంపానంతే అన్న సమాధానం చట్టానికి చాలదు. మహిళా జర్నలిస్టుల గురించి వచ్చిన ఒక అసభ్యమైన రాతను ఫార్వర్డ్ చేసిన కేసులో 2023 జూలైలో మద్రాసు హైకోర్టు, పంపినవాడు ఆ సందేశాన్ని తనదిగా చేసుకున్నట్టేనని, వింటి నుంచి వదిలిన బాణంలాగా అది ఆపైన అతని అదుపులో ఉండదని చెప్పి కేసు కొట్టివేయడానికి నిరాకరించింది. ఆ తరువాత క్షమాపణ చెప్పి తొలగించినా సరిపోదన్నారు. సుప్రీంకోర్టు కూడా అందులో జోక్యం చేసుకోలేదు.

అయితే ఇంత మాత్రానికే నేరం రుజువైనట్టు కాదు. ఇలాంటి వాటిలో సాధారణంగా పెట్టేవి న్యాయ సంహిత 196 (పాత 153ఎ), 299 (పాత 295ఎ), 353 (పాత 505) సెక్షన్లు. వీటిలో 299కి మత విశ్వాసాలను అవమానించాలన్న ఉద్దేశపూర్వకమైన దుర్బుద్ధి ఉండాలి. తక్కిన రెండింటి గురించి 1997లో సుప్రీంకోర్టు బిలాల్ అహ్మద్ కాలూ కేసులో స్పష్టంగా చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. రెండు వర్గాల మధ్య ద్వేషం రగిలించాలన్న మనసు నిందితుడికి ఉందా లేదా అన్నది ఈ నేరాలకు ప్రాణమని, ఆ మనసు లేనిదే ఇవి వర్తించవని దాని సారం. 353లోనే ఒక మినహాయింపు కూడా ఉంది: నిజమేనని నమ్మడానికి తగిన ఆధారంతో, సద్బుద్ధితో, దురుద్దేశం లేకుండా చెప్పినవాడికి ఆ సెక్షన్ తగలదు. నీ ఇబ్బంది ఏమిటంటే, చూడనేలేదని నువ్వే అంటున్నావు కనుక ‘తగిన ఆధారం’ అన్నది చూపించడం కష్టం. నీకు అండగా నిలిచేది నిజం తెలిసిన వెంటనే తొలగించడం. ఆ మూడు గ్రూపులలోనూ ‘ఇది పాత వీడియో, పొరపాటున పంపాను’ అని రాసి ఉంటే ఇంకా బాగుండేది. ఇప్పుడైనా రాయి.

పోలీసులు ఏం చేయాలన్న విషయంలో 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో వచ్చిన తీర్పు చాలా ముఖ్యమైనది. సామాజిక మాధ్యమంలో పెట్టిన ఒక కవిత మీద గుజరాత్ పోలీసులు కట్టిన ఎఫ్ఐఆర్‌ను కొట్టివేస్తూ సుప్రీంకోర్టు రెండు సంగతులు చెప్పింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడగల నేరం మాటకు సంబంధించినదైతే, సురక్షా సంహిత 173(3) ప్రకారం డీఎస్పీ అనుమతితో 14 రోజులలో ప్రాథమిక విచారణ జరిపి, కేసుకు ఆధారం ఉందో లేదో చూసుకోవడం ఎప్పుడూ మంచిది. ఇక ఆ మాట ప్రభావాన్ని కొలవవలసింది ధైర్యం, నిబ్బరం గల మనిషి మనసుతో. ప్రతి విమర్శలోనూ ప్రమాదాన్ని చూసే పిరికివాడి మనసుతో కాదు. అంతకు ఏడాది ముందు, 370వ అధికరణం రద్దయిన ఆగస్టు 5ను జమ్మూ కశ్మీరుకు చీకటి రోజుగా వాట్సాప్ స్టేటస్‌లో రాసిన కొల్హాపూర్ అధ్యాపకుడి కేసును కూడా అదే కోర్టు కొట్టివేసింది. ఇవి నీ కేసుకు అచ్చంగా సరిపోవు, ఎందుకంటే వారు చెప్పినవి సొంత అభిప్రాయాలు, నువ్వు పంపినది తప్పుడు సమాచారం. పోలీసులు ఆగి ఆలోచించాలన్న సూత్రం మాత్రం నీకూ వర్తిస్తుంది.

ఫోన్ మీద రమ్మంటే వెళ్లకుండా దాక్కోవద్దు, ఒంటరిగానూ వెళ్లవద్దు. సురక్షా సంహిత 35(3) కింద లిఖితపూర్వక నోటీసు ఇమ్మని అడుగు. ఏడేళ్ల లోపు శిక్ష గల నేరాలలో అరెస్టు అన్నది యాంత్రికంగా జరగకూడదని అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2014లోనే ఆదేశించింది. నోటీసుకు కట్టుబడి హాజరవుతున్నవాడిని అరెస్టు చేయాలంటే కారణాలు రాసి పెట్టాలి. ఫోన్ తీసుకుంటే తీసుకున్నట్టు కాగితం అడుగు. ఎవరైనా ‘66ఎ కింద లోపలేస్తాం’ అంటే, ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టంలోని ఆ సెక్షన్ ఇప్పుడు లేదని వినయంగా గుర్తుచేయవచ్చు. 2012లో బాల్ ఠాక్రే మరణించినప్పుడు జరిగిన బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసిన ఒక అమ్మాయిని, దానికి లైక్ కొట్టిన మరో అమ్మాయిని మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. ఆ గొడవే శ్రేయా సింఘాల్ కేసుకు దారితీసి, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు 66ఎను పూర్తిగా కొట్టివేసింది. చర్చించడం, ఒక పక్షాన్ని సమర్థిస్తూ ప్రచారం చేయడం, రెచ్చగొట్టడం వేర్వేరని, మూడవదానికి చేరుకున్నప్పుడే చట్టం అడ్డు రావచ్చునని ఆ తీర్పు చెప్పింది. చనిపోయిన ఆ సెక్షన్ కింద ఇంకా కేసులు పెడుతూనే ఉన్నారని తెలిసి, ఎవరినీ దాని కింద విచారించవద్దని 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశించవలసి వచ్చింది.

మీ చిన్నాన్నకు ధైర్యం చెప్పు. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అన్న ఒక్క కారణంతో బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ముందే అనుకుని కలిసి చేసినట్టు ఆధారం ఉంటే వేరు. లైక్ కొట్టడం పంచుకోవడం కాదన్నది కూడా ఇప్పటి మాట: అసభ్య రాతలకు సంబంధించిన ఐటీ చట్టం 67వ సెక్షన్ విషయంలో లైక్ ప్రచురణ కిందకు రాదని అలహాబాద్ హైకోర్టు 2025లో తీర్పిచ్చింది.

ప్రశ్న: రచ్చబండ దగ్గర గట్టు తగాదాలో మాటా మాటా పెరిగి నేను ఒక సామెత అన్నాను. అందులో కులం పేరు ఉంది. మా పెద్దలు అందరూ అనే సామెతే. అవతలి వ్యక్తి ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసు పెడతానంటున్నాడు. సామెత అనడం కూడా నేరమా? నాకు వాక్ స్వాతంత్ర్యం లేదా? – ఒక రైతు, కడప జిల్లా

జవాబు: అయ్యా, పెద్దలు అన్నారన్నది మీకు రక్షణ కాదు. మన భాషలో కులాల పేర్లతో ఉన్న సామెతలు కొన్ని వందల ఏళ్లుగా కొందరిని కించపరచడానికే వాడుకలో ఉన్నాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది అలాంటి అలవాటును ఆపడానికి కూడా. నలుగురూ చూసే, వినే చోట ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తిని తలవంపులు చేయాలన్న ఉద్దేశంతో అవమానిస్తే 3(1)(ఆర్), కులం పేరుతో తిడితే 3(1)(ఎస్) వర్తిస్తాయి. శిక్ష ఆరు నెలలకు తగ్గదు, ఐదేళ్ల వరకు ఉంటుంది. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేస్తారు. పైకి చూడగానే కేసు లేదని కనబడితే తప్ప ముందస్తు బెయిలు దొరకదు.

2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, బయటివారెవరూ లేని చోట నాలుగు గోడల మధ్య అన్న మాట ‘నలుగురి ఎదుట’ అన్నదాని కిందకు రాదని, కులం కారణంగా చేసిన అవమానమై ఉండాలని, ఉత్త ఆస్తి తగాదా ఈ చట్టం పరిధిలోకి రాదని చెప్పింది. మీ వకీలు ఆ తీర్పును తప్పక చూపిస్తారు. కానీ మీరు అన్నది ఇంట్లో కాదు, రచ్చబండ దగ్గర. తగాదా గట్టు గురించే అయినా మాట కులం మీదికి పోయింది. కాబట్టి ఆ తీర్పును నమ్ముకుని ధీమాగా ఉండవద్దని నా సలహా. కేసు పెట్టవద్దని ఆయన మీద ఊరిపెద్దల చేత ఒత్తిడి తెప్పించే ప్రయత్నం అసలే చేయవద్దు. బెదిరింపు కింద అది వేరే కేసవుతుంది. అన్నది తప్పని అదే రచ్చబండ దగ్గర ఒప్పుకుంటే కేసు పోతుందని నేను హామీ ఇవ్వలేను. అయినా ఆ మాట ఆయనకు మీరు బాకీ ఉన్నారు.

ప్రశ్న: కరువు భత్యం బకాయిలపై వ్యంగ్యంగా ఒక ఆటవెలది రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారు. పద్యం జత చేస్తున్నాను. – జిల్లా పరిషత్ ఉపాధ్యాయుడు, నల్గొండ జిల్లా

జవాబు: మాస్టారూ, పద్యం బాగుంది. మూడో పాదంలో గణం తప్పింది కానీ అది ప్రవర్తనా నియమావళి పరిధిలోకి రాదు. మీరు చేసినది నేరం కాదు. పోలీసులకు ఇందులో పని లేదు. కానీ ఉద్యోగ క్రమశిక్షణ వేరు. 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి, ప్రభుత్వ విధానాలను, చర్యలను ఉద్యోగులు బహిరంగంగా విమర్శించడాన్ని నిషేధిస్తుంది. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాజకీయ సభకు హాజరై, ఫేస్‌బుక్‌లో రాసినందుకు చర్యకు గురైన ఉద్యోగిని కేసులో 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు ఆ మాటనే గట్టిగా పలికింది. అది మన హైకోర్టును కట్టిపడేసే తీర్పు కాదు, నచ్చజెప్పడానికి మాత్రం పనికివస్తుంది.

గడువులోగా సంజాయిషీ ఇవ్వండి. బకాయిలు రావలసిన ఉద్యోగిగా మీ సొంత కష్టం చెప్పుకున్నారే తప్ప ఏ విధానాన్నీ, ఏ వ్యక్తినీ నిందించలేదని, ఆ రాతలో రహస్య సమాచారం ఏదీ లేదని రాయండి. పద్యంలో మంత్రిగారి పేరు ధ్వనించే శ్లేష ఒకటి ఉంది. దాని ప్రస్తావన మీరై తేవద్దు. తరువాతి పద్యాన్ని మీ సంఘం పత్రికకు, సంఘం విజ్ఞాపనలో భాగంగా ఇస్తే ఇంత ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: తాగునీటి సమస్యపై వీధిలో సభ పెట్టుకుంటామంటే ‘రోడ్ల మీద సభలు వద్దు’ అని పోలీసులు అనుమతి నిరాకరించారు. ఉత్సవాలకు మాత్రం అర్ధరాత్రి దాకా మైకులు మోగుతున్నాయి. ఇదెక్కడి న్యాయం? – కొందరు యువకులు, ఒంగోలు

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. సభ గురించి: వీధులలో సభలను మొత్తంగా నిషేధించే అధికారం పోలీసులకు లేదని 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ రాష్ట్రంలోనే, కందుకూరు తొక్కిసలాటలో 8 మంది మరణించాక 2023 జనవరి 2న రోడ్లపై సభలను నియంత్రిస్తూ వచ్చిన జీవో నంబర్ 1ని హైకోర్టు అదే ఏడాది మే 12న కొట్టివేసింది. సమయం, స్థలం, జనసంఖ్య గురించి షరతులు పెట్టవచ్చు. కారణం చెప్పకుండా కాదనకూడదు. నిరాకరణను రాతలో ఇమ్మని అడగండి. రాత చేతికి వస్తే హైకోర్టుకు వెళ్లే దారి ఉంటుంది.

మైకు సంగతి అలా కాదు. మాట్లాడే హక్కు మీకు ఉంది కానీ, ఎదుటివాడి చేత బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2005 జూలైలో శబ్ద కాలుష్యం కేసులో చెప్పింది. 2000 నాటి నిబంధనల ప్రకారం పగలైనా మైకుకు అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. పండుగలకు, సాంస్కృతిక ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాలలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. ఈ నియమాలు గుడికి, మసీదుకు, చర్చికి, పార్టీ సభకు ఒక్కటే. మీ నీటి సభకు కూడా.

ప్రశ్న: మా అబ్బాయి దుబాయిలో డ్రైవరుగా చేస్తున్నాడు. గదిలో ఉండే మనిషితో డబ్బుల దగ్గర గొడవపడి, తిడుతూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పంపాడట. ఆ మనిషి పోలీసు రిపోర్టు ఇస్తానంటున్నాడు. ఇద్దరూ మన జిల్లావాళ్లే. వచ్చే నెల సెలవు మీద ఇంటికి రావాలి. – ఒక తల్లి, నిజామాబాద్ జిల్లా

జవాబు: అమ్మా, పైన నేను రాసిన తీర్పులేవీ మీ అబ్బాయికి అక్కడ పనికిరావు. ఇద్దరూ మన జిల్లావాళ్లే అయినా వర్తించేది ఆ దేశపు చట్టమే. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం ఫోన్‌లో, వాట్సాప్‌లో ఒకరిని దూషించడమే నేరం. మెసేజీ ఇద్దరి మధ్యే ఉన్నా తప్పించుకోవడం కష్టం. జరిమానా లక్షల దిర్హమ్‌లలో ఉండవచ్చు, జైలు కూడా ఉంది. అనుమతి లేకుండా అవతలి మనిషి ఫోటోలు, వీడియోలు తీయడం కూడా అక్కడ నేరమే కనుక, రుజువుల పేరుతో ఆ పని చేయవద్దని చెప్పండి.

ఇంకొక్క మెసేజీ కూడా పంపవద్దనండి. ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, ముఖాముఖిగా క్షమాపణ అడిగి, డబ్బుల లెక్క తేల్చుకోమనండి. రిపోర్టు ఇవ్వకముందు రాజీ కుదిరితే ఖర్చు లేదు. ఇచ్చాక ఉపసంహరణ దాకా తిరగవలసి ఉంటుంది. ఆ మనిషి ఇప్పటికే పోలీసుల దగ్గరికి వెళ్లి ఉంటే మాత్రం, దుబాయిలోని భారత కాన్సులేట్ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంలో న్యాయ సలహా తీసుకుని, తన మీద కేసు నమోదైందో లేదో తెలుసుకున్న తరువాతే టికెట్ కొనమనండి. కేసు ఉన్న సంగతి విమానాశ్రయంలో తెలిస్తే సెలవులు అక్కడే గడిచిపోతాయి.